కండర, స్నాయు, నరశబ్దములు: మాంసపేశీపరిభాషపై నొక పరిశీలనము

సంతబొమ్మాళి మండలమున నౌపడయొద్ద నుప్పుమళ్ళలోఁ బని చేయువాఁడు మధ్యాహ్నపుటెండలో నొక్కసారిగాఁ గాలు పట్టుకొని కూలఁబడి ‘పిక్క నరము పట్టినది’ అనును. బడిలోఁ జదువుకొను వాని కుమారుఁడు నొప్పి పుట్టిన యా చోటును ‘కండరము’ అనును. ఆయుర్వేదము చదివిన వైద్యుఁడు ఆ బాధకు ‘ఖల్లి’ యని పేరు పెట్టును. అక్కడినుండి తీరము వెంబడి నుత్తరముగాఁ బోయి యిచ్ఛాపురము దాఁటినచో, ఓఢ్రము మాటాడువారు తెలుఁగువారి కండరమును ‘మాంసపేశి’ యనియు, నరమును ‘స్నాయు’ వనియుఁ జెప్పుదురు. పిక్క యొక్కటియే, బాధ యొక్కటియే. ఈ మాట లన్నియుఁ బర్యాయపదము లైనచోఁ జిక్కు లేదు. కాని యివి పర్యాయములు కావు. వీనిలోఁ గండర, స్నాయు శబ్దములు రెండును సంహితలయం దొక యర్థముగలవై యుండి, దేశభాషలకు వచ్చునప్పటికి వేఱువేఱు దారులు పట్టినవి. పాఠశాలలో శరీరశాస్త్రము చెప్పు పండితుఁడును, సంహితకుఁ దెలుఁగు తాత్పర్యము వ్రాయు విద్వాంసుఁడును ఈ దారుల నెఱుఁగనిచో నొకదానికి మఱియొకటి చెప్పుట తప్పదు.

సుశ్రుతసంహితయందు శారీరస్థానమున నైదవ యధ్యాయము శరీరావయవముల లెక్క చెప్పును. అందు మాంసవిభాగమునకు వాడిన పదము పేశి. వాయువు మాంసమునఁ బ్రవేశించి దానిని పేశులుగా విభజించునని యంతకు ముందటి యధ్యాయమునఁ జెప్పఁబడినది. అనఁగా మాంసము ద్రవ్యము. పేశి యా ద్రవ్యమున నేర్పడిన ప్రత్యేకాంగము. ఈ భేదము నేఁటి శాస్త్రమునకును సరిపోవును. పేశులు మొత్తము 500. వానిలోఁ గాలుసేతులయందు 400, కోష్ఠమున 66, మెడయందును దానికిఁ బైనను 34; స్త్రీలకు మఱి యిరువది యెక్కువ. నేఁటివారు తాము లెక్కించు విధమునుబట్టి యాఱునూఱులకుఁ బైగాఁ జెప్పుచున్నారు గాన, ప్రాచీనుని లెక్క యంత దూరమైనది కాదు. స్నాయువులు మాత్రము 900: శాఖలయందు 600, కోష్ఠమున 230, గ్రీవాదిభాగమున 70. స్నాయువులు పేశులకంటె నిన్ని యెక్కువగుట చదువరికి వింతగాఁ దోఁచును. అందుకుఁ గారణ మా యధ్యాయమునందే దొరకును. శవమును బోనులో నుంచి నదీజలమున నేడురాత్రులు నాననిచ్చి, పిమ్మట వట్టివేళ్ళు మొదలగువాని కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచుఁ బొరవెంటఁ బొరను జూడవలెనని యాచార్యుఁడు విధించినాఁడు. కత్తి లేని యిట్టి శోధనమున మెత్తని పేశులు ముందుగాఁ జెడును. గట్టి బంధనములు నిలుచును. నిలిచినవానినే కన్నులు లెక్కించును గదా.

పేశి యనుమాటకు సంస్కృతమున మఱియొక యర్థముకూడఁ గలదు. చరకుఁడు గర్భమున రెండవమాసమునఁ గనఁబడు మూఁడు పిండరూపములలో నొకదానికిఁ బేశి యని పేరు పెట్టినాఁడు. కావున గర్భవిషయమునఁ బేశి యని చూచినచోట మాంసకండ యని తాత్పర్యము వ్రాయుట సరి కాదు. ఇది చిన్నమాట, అసలు చిక్కు స్నాయువుతో మొదలగును.

సుశ్రుతుఁడు స్నాయువులను నాలుగువిధములుగాఁ జెప్పెను: శాఖలుగా వ్యాపించునవి, గుండ్రనివి, వెడల్పైనవి, లోన బోలుగలవి. ఇవి చేయుపని యేమో తెలుపుట కాతఁడు చెప్పిన పోలిక ఈ తీరపువారికిఁ జక్కఁగాఁ దెలియును. పలకలు చేర్చి పెక్కు కట్టులతో బిగించిన నావ నీటిపై బరువు మోయఁగలిగినట్లు, సంధులు పెక్కు స్నాయువులచేఁ గట్టఁబడుటచేతనే మనుష్యుఁడు బరువున కోర్చుచున్నాఁ డని యా పోలిక. ఇనుపమేకులు లేక కొబ్బరినారత్రాళ్ళతోఁ బలకలను గుట్టిన పడవలు తూర్పుతీరమునఁ జిరకాలము చెల్లినవి. ఉద్దానము కొబ్బరితోఁటల సీమ. ‘ఉద్యాన’ శబ్దమే యీ పేరయ్యెనని చెప్పుదురు. అట్టి కుట్టుపడవను జూచినవానికి సంహితలోని స్నాయు వేదియో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు: పలకలవంటి యెముకలను బట్టి యుంచు కట్టు. అది చుఱుకును మోసికొనిపోవు తీఁగ కాదు. కదలించు మాంసమును గాదు.

ఆ నాలుగింటిలో గుండ్రనివానికే కండర లని పేరు. లెక్కకు 16, కాళ్ళయందు నాలుగు, చేతులయందు నాలుగు, మెడయందు నాలుగు, వీఁపున నాలుగు. మడమవెనుకఁ ద్రాడువలె చేతికిఁ దగులు బలమైన కట్టును దలఁచుకొన్నచోఁ గండర యననేమో స్పష్టమగును: పేశికొనను ఎముకకుఁ దగిలించు పగ్గము. చరకుఁడు ధాతువులనుండి యుపధాతువులు పుట్టు క్రమము చెప్పుచుఁ గండరలను సిరలతోపాటు రక్తమునుండియు, స్నాయువులను మేదస్సునుండియుఁ బుట్టించెను. మాంసమునుండి పుట్టినవి వసయుఁ జర్మపుఁబొరలును. సుశ్రుతుని మార్గము వేఱు, చరకుని మార్గము వేఱు. కాని యెవ్వరిమతముననైనను గండర మాంసము కాదు.

తెలుఁగున ‘కండరము’ మాంసమే యైనది. బడిపుస్తకములు నియంత్రితకండరములు, అనియంత్రితకండరములు, హృదయకండరము అని మూఁడువిధములు చెప్పుచున్నవి. 1968లో నేర్పడిన తెలుఁగు అకాడమివారి పుస్తకములందును గండరమే మాంసపేశికి స్థిరమైన పేరు. సంస్కృతపుఁ గండరకు ‘స్నాయుబంధనము’ అను వేఱొక పేరు కల్పింపవలసివచ్చినది. ఈ మార్పు పండితుల యశ్రద్ధవలన వచ్చినదని తేలికగాఁ ద్రోసివేయరాదు. తెలుఁగున ‘కండ’ యను మాట మాంసఖండమునకుఁ బ్రసిద్ధము. ‘కండ గలవాఁడు’ అన బలిష్ఠుఁడు, ‘కండలు తిరిగిన జబ్బలు’ అన వ్యాయామముచే నుబ్బిన భుజములు. కన్నడమునను గండకు మాంసమే యర్థము. ఇంటిలోఁ గండ యుండఁగా శాస్త్రమునుండి కండర వచ్చి చేరినది. రూపసామ్యముచేఁ గ్రొత్తది పాఁతదాని యర్థమును దాల్చి, ‘ము’ వర్ణకమును దగిలించుకొని నపుంసకమైనదని యూహించుట కవకాశమున్నది. ఆకారాంతస్త్రీలింగమైన సంస్కృతశబ్దము తెలుఁగునఁ ‘గండర’ యని నిలువవలెను గాని ‘కండరము’ కాకూడదనుట వ్యాకరణము. వాడుక యా యాక్షేపమును వినలేదు. విననందున నిప్పుడు నష్టమును లేదు. ‘కండరము’ మాంసపేశికే యుండనిచ్చి, సంహితలోని శబ్దమును ‘కండర’ యనియే వ్రాసినచో లిపియందే భేదము తెలియును. ఈ చిన్నజాగ్రత్త తాత్పర్యకర్తలు కొందఱు పాటింపరైరి.

పాటింపకుండుటవలనఁ గలుగు చెఱుపునకు గృధ్రసి యొక తార్కాణము. సుశ్రుతుఁడు మడమయొక్కయుఁ గాలివ్రేళ్ళయొక్కయుఁ గండర వాతముచే బాధింపఁబడి తొడను జాఁపనీయకుండుటను గృధ్రసి యనినాఁడు. అట్లే చేతివ్రేళ్ళకండర భుజపుష్ఠమువఱకుఁ బీడితమైనచో విశ్వాచి. ‘కాలికండరముల వాతము’ అని తెలిఁగించినంతనే విద్యార్థి దానిని మాంసవ్యాధిగా గ్రహించును. చరకుఁడో, యీ వ్యాధి పిరుఁదునఁ బుట్టి నడుము, తొడ, మోఁకాలు, పిక్క, పాదములకు వరుసగాఁ బ్రాఁకునని చెప్పినాఁడు. నేఁటివైద్యులు ఆ దారినే వెన్నుపూసలయొద్ద నొత్తిడిపడిన పెద్దనాడి దారిగా గుర్తించుచున్నారు. ప్రాచీనుఁడు త్రాడువలె బిగిసిన కాలిని జూచి కండర యనినాఁడు. చూచినది నిజము, కారణము వేఱు. కండర మనినచోఁ జూచినదియుఁ బోయి, కారణమును బోవును.

నరశబ్దము కథ యింతకంటె రసవత్తరము. తెలుఁగు నరము, తమిళపు నరంబు, కన్నడపు నర, యొక్క కుదుటివే. తమిళమున నరంబు యాఴ్ వాద్యపుఁ దంత్రికిఁగూడ నొప్పును; ఆ వాద్యమును ద్రావిడకవులు వర్ణించినప్పుడు నరంబు మీటఁబడును. తెలుఁగున నరము మణికట్టున నీలిగాఁ గనఁబడు నెత్తురునాళమునకుఁ జెల్లును, బెణికిన కట్టునకుఁ జెల్లును, ‘నరముల బలహీనత’ యనునప్పుడు చుఱుకు మోయు నాడికిఁ జెల్లును. నేఁటి శాస్త్రము మూఁడుగా విడఁదీసినదాని నీ మాట యొక్కటిగాఁ బట్టియున్నది. దీనిని బామరత్వ మనరాదు. యవనభాషయందు ‘న్యూరాన్’ అను పదమునకు మొదటియర్థము వింటినారియు, స్నాయువును. క్రీస్తునకుఁ బూర్వము మూఁడవశతాబ్దమున నలెగ్జాండ్రియానగరమున హెరోఫిలుఁడు మొదలగువారు శవములఁ గోసి చూచి చుఱుకును గదలికను మోయు నాళములను వేఱుపఱచిన పిమ్మటనే యా పదము క్రమముగా వానికిఁ జెందినది. పేశుల వెడల్పు కట్టునకుఁ బాశ్చాత్యులు వాడు ‘అపోన్యూరోసిస్’ అను పేరిలోఁ బాఁత యర్థ మింకను మిగిలియున్నది. వింటినారి నాడియగుట యవనులకును దప్పలేదు.

వంగభాషయందును నోఢ్రమునందును స్నాయుశబ్ద మీ దారినే నడచి నాడియైనది. మహారాష్ట్రమునను గన్నడమునను అది నేరుగా మాంసపేశియైనది. తెలుఁగువారి బడిపుస్తకములలో నది పేశిని ఎముకకుఁ గట్టు బంధనమున కంటి ప్రాచీనార్థమునకు దాపుగా నున్నది. కావున నొక మరాఠీవైద్యుఁడు ‘స్నాయువునకు దెబ్బ’ యని వ్రాసిన పత్రము తెలుఁగువారికొక యర్థము, భువనేశ్వరమున మఱియొక యర్థము నిచ్చును. ఈ చిక్కు నెఱిఁగియే కలకత్తాలో గణనాథసేన సరస్వతి తన ‘ప్రత్యక్షశారీర’మున, దాని మొదటిభాగము 1913లో వెలువడెను, పేశికి మాంసమును, కండరకుఁ బేశికొనపగ్గమును, స్నాయువున కెముకల కట్టును, నాడికిఁ జుఱుకుమోయు తంతువును నియమించెను. సంస్కృతమునఁ జదువువారికి నా నియమము సర్వోత్తమమైనది. దేశభాషలు దానిని పాటింపలేదు. ఆయన స్వభాషయే పాటింపలేదు.

వ్యాధులపేళ్ళకు వచ్చినచో సంస్కృతమునకంటె వాడుకభాష సూక్ష్మమైన చోట్లు పెక్కు గలవు. చరకుఁడు పాదము, పిక్క, తొడ, మణికట్టు మెలిపెట్టినట్లగుటను ఖల్లి యనినాఁడు, మంచి లక్షణము. తెలుఁగురైతు దానిని ‘పట్టుట’ యనును. పట్టుట యొక్కసారిగా వచ్చును, గట్టిగా గడ్డకట్టినట్లుండును, రుద్దినఁ గొంతసేపటికి వదలును. ‘గుంజుట’ యట్లు కాదు; అది లోనుండి లాగుచుండును. ‘పీకుట’ పగటిపనియైన తరువాత రాత్రి కాళ్ళఁ గలుగు మందనొప్పి. ‘సలుపు’ పుండునొప్పి, నాడివలెఁ గొట్టుకొనును. ‘బెణుకు’ కీలుకట్టునకుఁ గలిగిన దెబ్బ. ‘తిమ్మిరి’ నొప్పియే కాదు, స్పర్శ మందగించి చీమలు ప్రాఁకినట్లగుట. ‘కొంకరలు పోవుట’ వ్రేళ్ళు ముడుచుకొనిపోవుట. ‘పడిపోవుట’ కదలికయే పోవుట. ‘కాలు సేయి పడిపోయినది’ అనినఁ బక్షవాతము. ఇన్నింటికిని బాఠ్యగ్రంథములలోఁ ‘గండరముల నొప్పి’ యను నొక్కమాటయే దక్కినది. ఈ జిల్లాకుఁ జెందిన పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడై, సవరభాషను ఆ జనులనోటనుండి నేర్చి 1931లో దానికి వివరణగ్రంథము ప్రకటించిన గిడుగు రామమూర్తి పంతులు జనులనోటి మాటయే భాషకు మూలమని వాదించెను. శిష్టగ్రంథభాషాపక్షమువా రాయన వాదమును సాహిత్యవిషయమున నంగీకరింపకపోయినను, రోగిపలుకు విషయమున నంగీకరింపక తీఱదు. రోగి గ్రాంథికమున మూల్గఁడు.

ఉప్పుమడిలో నిలిచినవానికిఁ బిక్క పట్టుటకుఁ గారణములలో నెండలోఁ జెమటవెంట నుప్పును నీరును బోవుట యొకటి. చుట్టును నుప్పురాసు లుండఁగా నొడలిలో నుప్పు తగ్గుట వింతయే.

ధనుర్వాతము పేరు మాత్రము ప్రాచీనులును జనులును నొక్కరీతిగాఁ గుదిర్చినది. సుశ్రుతుఁడు శరీరమును వింటివలె వంచుదానిని ధనుస్తంభ మనినాఁడు; ఓఢ్రులు ధనుష్టంకార మందురు. సామాన్యముగా నపతానక మని చెప్పి, గర్భస్రావమువలనను, మితిమీఱిన రక్తస్రావమువలనను, దెబ్బవలనను గలిగిన యపతానకము కుదురదని యాచార్యుఁడు తెలిపెను. గాయమునుండి ప్రవేశించు సూక్ష్మజీవియొక్క విషమే యీ వ్యాధికిఁ గారణమనియు, నా విషము నాడులపైఁ బని చేయఁగాఁ బేశులు బిగియుననియు నేఁ డెఱుఁగుదురు. బాలింతలకు, శిశువులకు వచ్చు ధనుర్వాతము భారతదేశమున నిర్మూలితమైనట్లు 2015లోఁ బ్రకటింపఁబడినది. పేరు విషయమున నొక విశేషము గలదు. అపతానకమున నున్న ‘తన్’ ధాతువునకు సాగఁదీయుట యర్థము. తంతువు, తంత్రి, వితానము అను మాటలు దానినుండియే వచ్చినవి. పాశ్చాత్యులు ‘టెటనస్’ అని పిలుచు పేరును, కండరకు వారు పెట్టిన ‘టెండన్’ అను పేరును సాగఁదీయుట యను యవనధాతువునుండి పుట్టినవి. ఆ ధాతువు మన ‘తన్’ తోఁబుట్టువే. సూదిమందు వేయించుకొను బాలుఁడు ‘టీటీ’ యనునప్పుడు తెలియకయే ‘తన్’ ధాతువు నుచ్చరించుచున్నాఁడు.

‘కండరక్షీణత’ యను నేఁటి పేరు మాత్రము కొంత వంచించును. బాల్యముననే కాళ్ళ బలము తగ్గి, లేచుటకుఁ జేతులతోఁ దొడలపై నూనుకొను బాలురవ్యాధిని ఫ్రాన్సుదేశపు వైద్యుఁడు డ్యూషేన్ 1868లో విస్తరించి వర్ణించెను. అందుఁ బిక్కలు చిక్కుటకు మాఱుగా నుబ్బియుండును. మాంసతంతువులు చెడినచోటఁ గొవ్వును నారయుఁ జేరును. సుశ్రుతోక్తమైన మాంసక్షయమునఁ బిరుఁదులు, చెక్కిళ్ళు, తొడలు, పిక్కలు ఎండిపోవును. క్షయ మనుమాట చూచి రెండింటిని నేకము చేయరాదు. పిక్క లావుగా నున్న పిల్లవానికిఁ గండరక్షీణత యనిన నింటివారు నమ్మక పోవుటయుఁ గలదు.

ఇఁక నుద్దానపువారి నిత్యవ్యవహారమునఁ జేరిన మాంసపరిభాష యొకటి మిగిలినది. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములందు మధుమేహముగాని రక్తపుపోటుగాని మూలము కాని మూత్రపిండవ్యాధి 1990వ దశకమునుండి వైద్యులదృష్టికి వచ్చినది. దాని కారణ మింకను నిశ్చితము కాలేదు. ఈ రోగులకుఁ బిక్కలు పట్టుట, గుంజుట తఱచు; రక్తశుద్ధి చేయుయంత్రమున నుండఁగాఁ బట్టుట మఱియుఁ దఱచు. ఇచ్చట మాటల చిక్కు ప్రాణముమీఁదికి వచ్చును. ‘నరములు గుంజుచున్నవి’ యని చెప్పిన దానిని నరములబలహీనతగా నెంచి బలపుమందును, ఒడలినొప్పిగా నెంచి నొప్పిమాత్రలను అంగడిలోఁ గొనువారు గలరు. నొప్పిమాత్రలు వైద్యుని సలహాలేక చిరకాలము మ్రింగుట చెడియున్న మూత్రపిండములకు హానికరము. పలాసలో 200 పడకల మూత్రపిండవైద్యశాల 2023 డిసెంబరు 14న ప్రారంభమైనది. అచ్చట రోగి చెప్పు గుంజుట యేదో తెలిసికొనుట చికిత్సలో మొదటిమెట్టు.

ఆ గ్రామములలో నక్షరము రానివారు సైతము పలుకు శాస్త్రపదము ‘క్రియాటినిన్’. ఎవరి కెంత యున్నదో యిరుగుపొరుగువా రడిగి తెలిసికొందురు. అది మూత్రపిండమునఁ బుట్టునది కాదు. కండరములు తమ పనికై దాఁచుకొను క్రియాటిన్ అను పదార్థము నిత్యము కొంతకొంత మాఱి క్రియాటినిన్ అగును. దానిని రక్తమునుండి వడకట్టి వెలికిఁ బంపుట మూత్రపిండములపని. క్రియాటిన్‌ను ఫ్రెంచి రసాయనికుఁడు షెవ్రెల్ 1832లో మాంసరసమునుండి తీసి, మాంస మను నర్థముగల ‘క్రెయాస్’ అను యవనపదముతో దానికిఁ బేరిడెను. క్రియాటినిన్ అను పేరు 1847లో జర్మనీవాఁడు లీబిగ్ పెట్టినది. ఆ క్రెయాస్ మనకు నన్యము గాదు. అమరసింహుఁడు మాంసమునకుఁ జెప్పిన పేళ్ళలోఁ బిశిత, పలల, ఆమిషములతోపాటు ‘క్రవ్య’ మొకటి. దానినుండియే క్రవ్యాదుఁడు రాక్షసుఁడైనాఁడు, శవమును దహించు నగ్నికి వేదమునఁ గ్రవ్యాత్తని పేరు వచ్చినది. క్రవ్య, క్రెయాస్ శబ్దములు సోదరములని భాషాశాస్త్రజ్ఞు లెఱుఁగుదురు. కావున ఉద్దానపుఁ దల్లి తన కుమారుని ‘క్రియాటినిన్ ఎంత?’ అని యడుగునప్పు డమరకోశపు శబ్దమునకుఁ దోఁబుట్టువైన దానితోనే యడుగుచున్నది.

ఈ వ్యుత్పత్తి పండితులకు వినోదము మాత్రము గాదు. పేరున మాంస మున్నట్లే సంఖ్యయందును మాంస మున్నది. పెద్దవారి రక్తమున నది సామాన్యముగా డెసీలీటరునకు సుమారు 0.6 మొదలు 1.2 మిల్లీగ్రాములవఱకు నుండును. కండలు తిరిగిన ఉప్పుమడిపనివానికి 1.2 దోషము కాకపోవచ్చును. ఒడలు చిక్కి కండ కరఁగిన ముసలమ్మకు మాంసమే కొఱవడుటచేఁ బుట్టు క్రియాటినిన్ కొలఁదిగా నుండి, మూత్రపిండములు సగము చెడినను నా 1.2 యే కనఁబడవచ్చును. పరీక్షాపత్రమున ‘సామాన్యము’ అని యుండును. అందువలననే నేఁటి వైద్యులు ఆ సంఖ్యతో వయస్సును, స్త్రీపురుషభేదమునుఁ జేర్చి మూత్రపిండముల వడపోఁతను గణించుచున్నారు. ఆ గణనమునందును మనుష్యుని కండ యెంతయో నేరుగాఁ జేరదు. అట్టి చోట్ల మాంసముపై నంతగా నాధారపడని ‘సిస్టాటిన్-సి’ అను వేఱొక పదార్థమును గొలిచి చూతురు.